గాలిలో దారి, దారికో తాళం

ఆన్‌లైన్ ఆటలో ఓడిపోయిన కుర్రవాణ్ణి ఎందుకు ఓడిపోయావని అడిగి చూడండి. "వైఫై సరిగ్గా లేదు సార్!" అంటాడు. ఏ తరగతిలో అడిగినా ఇదే జవాబు. గెలిచిన రోజున వైఫైని మెచ్చుకున్నవాణ్ణి మాత్రం నేనింతవరకూ చూడలేదు.

ఆ తరువాత ఇంట్లో జరిగే సంభాషణ కూడా మనకు తెలిసిందే. "నాన్నా! ఈ 50 ప్లాను తీసేసి 200 ప్లాను పెట్టించు" అని బతిమాలడం మొదలవుతుంది. పిల్లవాడి పోరు పడలేక నాన్న నెలనెలా మరికొంత డబ్బు కడతాడు. వారం గడుస్తుంది. సరిగ్గా ఆఖరి ఘట్టంలో ఆట మళ్ళీ బిగుసుకుపోతుంది. ఈసారి ఇంటర్నెట్ కంపెనీ వాణ్ణి తిట్టడం మొదలవుతుంది.

విద్యార్థులారా! ఈ విషయంలో నా అభిప్రాయాలు రెండు. మొదటిది: కొలవకుండా డబ్బు ఖర్చు చేయడం సైన్సు చదివేవాళ్ళు చేయదగిన పని కాదు. రెండవది: ఆట సాఫీగా సాగాలని ఇంటి వైఫైకి ఉన్న తాళం తీసేసేవాళ్ళు తమకే కాదు, ఊరందరికీ హాని చేస్తున్నారు. మొదటి మాటను మీరు సులభంగానే ఒప్పుకుంటారు. రెండవ మాట చెబితే "మా ఇంట్లో ఏముంది సార్, దొంగలు పడటానికి?" అంటారు. అందుకని ఆ సంగతి కొంచెం వివరంగా చెబుతాను.

ముందుగా ఒక్క మాట. డబ్బు పెట్టి ఆడే పందెం ఆటల గురించి నేనిక్కడ మాట్లాడటం లేదు. వాటిని నిషేధిస్తూ మన పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. మీరు స్నేహితులతో సరదాగా ఆడుకునే ఆటల సంగతే నేను చెప్పేది.

సీట్లు వేరు, ప్రయాణ కాలం వేరు

ఒక బస్సులో 50 సీట్లున్నాయి. ఇంకో బస్సులో 200 సీట్లున్నాయి. రెండూ ఒకే రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నాయి. మీరొక్కరే ప్రయాణికులు. ఏ బస్సెక్కితే ముందు చేరతారు? రెండూ ఒకేసారి చేరతాయి కదా! ప్లానులో చెప్పే 50, 200 మెగాబిట్లు సీట్ల వంటివి. ఒక సెకనులో ఎంత సమాచారం పోగలదో అవి చెబుతాయి. మీ సమాచారం అవతలికి వెళ్ళి జవాబుతో తిరిగి రావడానికి పట్టే కాలం వేరే రాశి. దాన్నే ఆటగాళ్ళు "పింగ్" అంటారు. దాన్ని మిల్లీ సెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు.

ఆట ఆడేటప్పుడు మీ ఫోను పంపే సమాచారం చాలా తక్కువ. మీ బొమ్మ ఎక్కడ ఉంది, ఎటు తిరిగింది, ఏ మీట నొక్కారు అన్నవి కొన్ని అంకెలు మాత్రమే. చాలా ఆటలకు సెకనుకు ఒక మెగాబిట్ కూడా అవసరం లేదు. పోస్టుకార్డు చేరవేయడానికి లారీ అక్కరలేదు కదా! కొత్త ఆటను దించుకునేటప్పుడు మాత్రం లారీ కావాలి. ఆ ఒక్క పనికి పెద్ద ప్లాను తప్పకుండా ఉపయోగపడుతుంది.

ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. శూన్యంలో కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుందని మీరు చదువుకున్నారు. గాజుతీగలో దాని వేగం సుమారు 2 లక్షల కిలోమీటర్లే. హైదరాబాదు నుంచి ముంబయికి తిన్నగా గీత గీస్తే దాదాపు 620 కిలోమీటర్లు. రానూపోనూ 1,240 కిలోమీటర్లు. దీన్ని 2 లక్షలతో భాగిస్తే సుమారు 6 మిల్లీ సెకన్లు వస్తాయి. ఆట నడిపే కంప్యూటరు సింగపూరులో ఉంటే దూరం దాదాపు 3,300 కిలోమీటర్లు. రానూపోనూ 6,600. భాగిస్తే 33 మిల్లీ సెకన్లు. నిజానికి తీగలు తిన్నగా పోవు, మధ్యలో ఎన్నో కూడళ్ళు ఉంటాయి. కాబట్టి మీరు కొలిచే అంకె దీనికంటె ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. తక్కువ మాత్రం కాదు.

ఈ లెక్కలోంచి ఒక గొప్ప సంగతి తేలింది, గమనించారా? "మా యాప్ వేసుకుంటే పింగ్ సున్నా అవుతుంది" అని ఎవరైనా చెబితే, వాడు కాంతి వేగాన్ని మార్చేస్తానంటున్నాడన్న మాట! అలాంటి యాప్ మీ పింగ్‌ను తగ్గించదు గాని, మీ ఫోనులోకి రావలసిన అవసరం వాడికేదో ఉందని మాత్రం అర్థం చేసుకోండి.

ఇంకొక సంగతి. పింగ్ ఎంత అన్నదానికంటె అది నిలకడగా ఉందా అన్నది ఆటకు ముఖ్యం. ఎప్పుడూ 60 ఉంటే మీ చేయి దానికి అలవాటు పడుతుంది. ఒకసారి 20, మరుక్షణం 200 అయితే ఏ ఆటగాడూ తట్టుకోలేడు. ఈ ఊగిసలాట ఎక్కువగా పుట్టేది సముద్రం అడుగున తీగల్లో కాదు. మీ ఇంటి గాలిలో.

గాలి అందరిదీ

వైఫై అంటే రేడియో తరంగాలే. దాని పౌనఃపున్యం సుమారు 2.4 గిగాహెర్ట్జ్ గాని, 5 గిగాహెర్ట్జ్ గాని ఉంటుంది. కొత్త రౌటర్లలో కొన్నింటికి 6 గిగాహెర్ట్జ్ కూడా ఉంది. కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌కు అది 12.5 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక జానెడు లోపు. 5 గిగాహెర్ట్జ్‌కు 6 సెంటీమీటర్లు. వంటింట్లోని మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. అమ్మ కూర వేడి చేసినప్పుడల్లా మీ ఆట తడబడుతుంటే అందులో మాయేమీ లేదు. ఓవెన్ నుంచి కొద్దిగా బయటికి వచ్చే తరంగాలు మీ వైఫై తరంగాలతో ఒకే చోట గోల చేస్తున్నాయన్న మాట.

రేడియో తరంగాలు గోడలు దాటగలవని లోకానికి చూపించినవారిలో మన దేశస్థుడొకడున్నాడు. ఆయన జగదీశ్ చంద్ర బోసు. 1895లో కలకత్తా టౌన్ హాలులో ఆయన కంటికి కనిపించని తరంగాలను గోడల గుండా పంపి, దూరాన ఉన్న గంటను మోగించాడు. తుపాకి మందును పేల్చాడు. మీరు పడక గదిలో కూర్చుని హాలులోని రౌటర్‌తో ఆడుకోగలుగుతున్నారంటే ఆ గుణం వల్లనే. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. గది గోడను దాటే తరంగం ఇంటి ప్రహరీని కూడా దాటుతుంది. వీధిలోకి పోతుంది. ఈ మాటతో మనకు తరువాత పని ఉంది.

తరంగాలు గోడలు దాటుతాయి గాని, కొంత శక్తిని అక్కడ సుంకంగా చెల్లించి మరీ దాటుతాయి. ఇటుక గోడ కొద్దిగా తీసుకుంటుంది. ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు గోడ చాలా తీసుకుంటుంది. ఇనుప బీరువా, బీరువా అద్దం తరంగాలను వెనక్కి కొడతాయి. నీళ్ళు వాటిని పీల్చుకుంటాయి. రౌటర్‌ను బీరువా వెనుకనో, టీవీ కింది అరలోనో పెట్టి, సిగ్నల్ రావడం లేదని వాపోవడం దీపం మీద బిందె బోర్లించి చీకటిగా ఉందనడం లాంటిది. ఇంటి మధ్యలో, ఎత్తుగా, తెరపిగా ఉన్న చోట పెట్టండి.

రెండవ ఇబ్బంది పొరుగు ఇళ్ళు. 1971లో హవాయి దీవుల్లోని విశ్వవిద్యాలయం వాళ్ళు దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపారు. దాని పేరు అలోహానెట్. అందరూ ఒకే పౌనఃపున్యం మీద మాట్లాడేవారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ పాడైపోయేవి. అప్పుడు ఇద్దరూ కాసేపు ఆగి మళ్ళీ చెప్పేవారు. నేటి వైఫై ఆ పద్ధతికి మునిమనవడి వంటిది. ఇంకొంచెం మర్యాద నేర్చింది. మాట్లాడే ముందు చెవి ఒగ్గి వింటుంది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. తరువాత కొద్ది క్షణాలు యాదృచ్ఛికంగా ఎంచుకొని అప్పుడు నోరు విప్పుతుంది. క్రమశిక్షణ గల తరగతి ఇలాగే ఉంటుంది. కాని ఆ తరగతిలో 60 మంది చేతులెత్తితే మీ వంతు ఎప్పుడొస్తుంది? అపార్ట్‌మెంట్లలో జరుగుతున్నది ఇదే.

2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మన దేశంలో 13 ఛానెళ్ళున్నాయి. ఒక్కొక్కదానికి మధ్య దూరం 5 మెగాహెర్ట్జే. ఒక్కో సిగ్నల్ వెడల్పు మాత్రం సుమారు 20 మెగాహెర్ట్జ్. అందువల్ల పక్క పక్క ఛానెళ్ళు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒకదానికొకటి తగలకుండా ఉండాలంటే 1, 6, 11 ఛానెళ్ళను వాడటం అలవాటు. చుట్టుపక్కల వాళ్ళు దేనిలో తక్కువగా ఉన్నారో చూసి అందులోకి మారాలి. 5 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్ళు ఎక్కువ, రద్దీ తక్కువ. అయితే గోడల దగ్గర దాని ఓపిక కూడా తక్కువే. రౌటర్ ఉన్న గదిలోనే ఆడేవాళ్ళకు అది మేలు.

మూడవ ఇబ్బంది మన ఇంట్లోనే ఉంటుంది. మీరు ఆడుతుండగా అక్కయ్య పెళ్ళి వీడియో ఎవరికో పంపుతుంది. ఆ వీడియో ముక్కలు వేలకొద్దీ రౌటర్ గుమ్మం దగ్గర బారులు తీరుతాయి. మీ ఆట పంపే చిన్న పోస్టుకార్డు ఆ బారు చివర నిలబడాలి. రేషన్ షాపు దగ్గర అగ్గిపెట్టె కొనడానికి వచ్చినవాడు బియ్యం మూటల వాళ్ళ వెనుక నిలబడినట్లు. కొన్ని రౌటర్లలో ఆట ముక్కలకు ముందు దారి ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. అది లేకపోతే అక్కయ్యను పది నిమిషాలు ఆగమని మర్యాదగా అడగాలి. అది కూడా ఒక సాంకేతిక పరిష్కారమే.

చేసి చూడండి

కావలసినవి: ఒక కంప్యూటరు, ఒక నోటు పుస్తకం, ఒక తీగ. కంప్యూటర్లో పింగ్ అనే ఆదేశం ఉంటుంది. మొదట మీ రౌటర్ చిరునామాకు 50 సార్లు పింగ్ చేయండి. రౌటర్ అడుగున గాని, దాని పుస్తకంలో గాని ఆ చిరునామా ఉంటుంది. వచ్చిన అంకెలను రాసుకోండి. తరువాత బయటి చిరునామా దేనికైనా 50 సార్లు చేయండి. రెండు పట్టికలనూ పోల్చండి.

రౌటర్ వరకూ 2, 3 మిల్లీ సెకన్లు నిలకడగా ఉండి, బయటికి పోయేటప్పుడు మాత్రమే ఊగిసలాడితే లోపం బయట ఉంది. అప్పుడు కంపెనీ వాళ్ళకు ఫోను చేసి మీ పట్టిక చదివి వినిపించండి. అంకెలతో మాట్లాడేవాడి మాట వేరుగా ఉంటుంది. రౌటర్ వరకే అంకెలు 3, 90, 7, 140 అని గెంతుతుంటే లోపం మీ ఇంటి గాలిలో ఉంది. ఎంత పెద్ద ప్లాను కొన్నా అది తీరదు.

ఇప్పుడు కంప్యూటర్‌ను తీగతో రౌటర్‌కు కలిపి మళ్ళీ కొలవండి. తీగలో పోటీ లేదు, గోడ లేదు, ఓవెన్ లేదు. అంకెలు సాధారణంగా ఒక మిల్లీ సెకను దగ్గర నిలబడిపోతాయి. నాన్నను పెద్ద ప్లాను అడిగే ముందు కొన్ని వందల రూపాయల తీగ అడగండి. నా మొదటి అభిప్రాయం ఇదే.

ఫోనుతో ఆడేవాళ్ళు సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే అంకెల్లో చూపే యాప్‌తో ఒక్కో గదిలో కొలిచి, ఇంటి పటం గీసి, దాని మీద అంకెలు రాయండి. మైనస్ 40 నుంచి మైనస్ 70కి పడిందంటే, ప్రతి 10కి పదో వంతు చొప్పున, శక్తి వెయ్యో వంతుకు తగ్గిందని అర్థం. ప్రయోగంలో ఒకసారికి ఒక్కటే మార్చండి. రౌటర్ చోటునూ ఛానెల్‌నూ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

తాళాల కథ

ఇక రెండవ విషయానికి వద్దాం. ప్రహరీ దాటి వీధిలోకి పోయే తరంగాన్ని ఎవరైనా పట్టుకోవచ్చు. అందుచేత దానిలోని సమాచారాన్ని సంకేత భాషలోకి మార్చి పంపుతారు. ఆ సంకేతానికి తాళం చెవి మీ పాస్‌వర్డ్.

వైఫై ప్రమాణం 1997లో వచ్చింది. దానితో పాటు వచ్చిన మొదటి తాళం పేరు వెప్. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు గణిత సంకేత నిపుణులు దానిలోని లోపాన్ని లెక్కలతో సహా చూపించారు. తరువాత 2003లో డబ్ల్యు.పి.ఎ., 2004లో డబ్ల్యు.పి.ఎ.2 వచ్చాయి. ఈ రెండవది చాలా కాలం నిలిచింది. 2017లో దానిలోనూ ఒక పగులు బయటపడింది. దాన్ని రౌటర్లలో, ఫోన్లలో ఉండే ప్రోగ్రాములను సరిచేసి పూడ్చారు. 2018లో డబ్ల్యు.పి.ఎ.3 వచ్చింది. ఈ కథ చెప్పడం ఎందుకంటే, తాళం ఒకసారి కొంటే సరిపోదు. దానికి మరమ్మతులు వచ్చినప్పుడల్లా వేసుకోవాలి. అప్‌డేట్ అని అడిగిన ప్రతిసారీ "తరువాత" అని నొక్కేవాళ్ళు ఇది గమనించాలి.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళకు ఒక ముచ్చట. పాస్‌వర్డ్ కొట్టే శ్రమ లేకుండా 8 అంకెల సంఖ్యతో వైఫైలో చేరే ఒక సౌకర్యం చాలా రౌటర్లలో ఉంది. దాని పేరు డబ్ల్యు.పి.ఎస్. ఎనిమిది అంకెలంటే 10 కోట్ల సంఖ్యలు. అన్నీ ప్రయత్నించడం కష్టమే కదా! కాని 2011లో ఒక లోపం బయటపడింది. రౌటర్ మొదటి నాలుగు అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో విడిగా చెప్పేస్తోంది. కాబట్టి వాటికి 10,000 ప్రయత్నాలు చాలు. మిగిలిన నాలుగింటిలో ఆఖరి అంకె ముందున్న ఏడింటి నుంచి లెక్కగట్టేది. కాబట్టి మూడంకెలకు 1,000 ప్రయత్నాలు చాలు. వీటిని గుణించనక్కరలేదు, కూడితే చాలు. మొత్తం 11,000! పది కోట్ల తాళం పదకొండు వేల తాళమై కూర్చుంది. ఒక కష్టమైన లెక్కను రెండు సులభమైన లెక్కలుగా విడగొడితే ఎంత తేడా వస్తుందో చూశారా? మీ రౌటర్లో ఆ సౌకర్యం ఉంటే ఆపివేయండి.

ఇక పాస్‌వర్డ్. మీ ఫోను వైఫైలో చేరేటప్పుడు రౌటర్‌కూ దానికీ మధ్య ఒక పలకరింపు జరుగుతుంది. డబ్ల్యు.పి.ఎ.2 తాళమైతే దొంగ ఆ పలకరింపును గాలిలో పట్టుకొని ఇంటికి తీసుకుపోయి, తీరిగ్గా కంప్యూటర్‌తో ఒక్కో పాస్‌వర్డూ ప్రయత్నించవచ్చు. సెకనుకు 5 లక్షలు ప్రయత్నించగల యంత్రం వాడి దగ్గర ఉందనుకుందాం. ఎనిమిది అంకెల పాస్‌వర్డు 200 సెకన్లలో దొరుకుతుంది. చాలామంది పెట్టుకునేది నాన్న ఫోను నంబరు. మన దేశంలో అది 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతుంది. కాబట్టి 400 కోట్ల సంఖ్యలు. రెండుంపావు గంటల లోపు పని! అదే 12 ఇంగ్లీషు అక్షరాలను ఏ వరుసా లేకుండా పెడితే 26ను 12 సార్లు గుణించాలి. సుమారు 954 కోట్ల కోట్లు వస్తుంది. అదే యంత్రానికి దాదాపు 6,000 సంవత్సరాలు పడుతుంది. గుర్తుండదంటారా? ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో కలిపి రాయండి. గుమ్మడికాయకూ గడియారానికీ సంబంధం మీ బుర్రలో తప్ప ఎక్కడా ఉండకూడదు.

"మా ఇంట్లో ఏముంది?"

ఇప్పుడు అసలు ప్రశ్నకు జవాబు చెబుతాను. రెండు నిజమైన సంఘటనలు వినండి.

2008 జూలై 26న అహ్మదాబాదులో వరుసగా బాంబులు పేలి ఎంతోమంది చనిపోయారు. పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు వార్తా సంస్థలకు ఒక ఈమెయిల్ వచ్చింది. పోలీసులు ఆ ఈమెయిల్ జాడ తీస్తే అది నవీ ముంబయిలోని ఒక ఇంటికి చేరింది. ఆ ఇంటాయనకు దానితో ఏ సంబంధమూ లేదు. ఆయన చేసిందల్లా వైఫైకి సరైన తాళం లేకుండా ఉంచడమే. ఎవరో ఆ దారిని వాడుకున్నారు. నిర్దోషి అని తేలేవరకూ ఆయన పోలీసులకు జవాబులు చెప్పుకోవలసి వచ్చింది. మీ ఇంటి వైఫై నుంచి బయటికి పోయే ప్రతి ఉత్తరం మీదా మీ ఇంటి చిరునామాయే ఉంటుంది. రాసింది ఎవరైనా సరే.

రెండవది ఆటలకు సంబంధించిందే. మైన్‌క్రాఫ్ట్ అనే ఆట మీలో చాలామందికి తెలుసు. ఆ ఆటను నడిపే సర్వర్ల వ్యాపారంలో పోటీ పెరిగి, ఒకరి సర్వర్‌ను ఒకరు పడగొట్టుకునే దాకా పోయింది. ఆ వాతావరణంలో అమెరికాలో ముగ్గురు యువకులు మిరాయ్ అనే ప్రోగ్రామును తయారు చేశారు. 2016లో అది ఇంటర్నెట్ అంతా తిరుగుతూ ఇళ్ళలోని రౌటర్ల, కెమెరాల తలుపులు తట్టింది. కంపెనీలు పెట్టి అమ్మే "అడ్మిన్, అడ్మిన్" వంటి పేర్లు, పాస్‌వర్డులు సుమారు అరవై జతలు దాని దగ్గరున్నాయి. ఆ చిన్న పట్టికతోనే లక్షల పరికరాలు దాని చేతికి చిక్కాయి. వాటన్నిటినీ ఒకేసారి ఒక సర్వర్ మీదికి ఉసిగొల్పితే అది ఊపిరాడక పడిపోతుంది.

ఆ ముగ్గురూ 2017లో నేరం ఒప్పుకున్నారు. 2018లో వాళ్ళకు ఐదేళ్ళ ప్రొబేషన్, 2,500 గంటల సమాజ సేవ శిక్షగా పడ్డాయి. కాని అప్పటికే మిరాయ్ ప్రోగ్రాము అందరి చేతుల్లోకి పోయింది. 2016 అక్టోబరు 21న అలాంటి పరికరాల దండు డిన్ అనే కంపెనీ మీద పడింది. వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పే టెలిఫోన్ డైరెక్టరీ వంటి పని ఆ కంపెనీది. అది పడిపోవడంతో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు. ఇంతకీ ఇది ఏ శత్రు దేశం పన్నిన కుట్రా కాదు. 2020 డిసెంబరులో ఒకరు నేరం ఒప్పుకున్నారు. నేరం నాటికి ఆ వ్యక్తికి 18 ఏళ్ళు నిండలేదు. గురిపెట్టింది ప్లేస్టేషన్ ఆటల నెట్‌వర్కు మీద! ఒక ఆట మీద ఎత్తిన చేయి ఎన్ని లక్షల మందికి తగిలిందో చూడండి.

ఆ దండులో ఉన్న కెమెరాలు, రౌటర్లు ఎవరివి? "మా ఇంట్లో ఏముంది?" అనుకున్నవాళ్ళవి. మీ ఇంట్లో దోచుకోవడానికి ఏమీ లేకపోవచ్చు. దొంగకు కావలసింది మీ నగలు కాదు, మీ గుమ్మం. దోమల గురించి మనం చెప్పుకునే పాఠమే ఇది. నా పెరట్లోని నీటిగుంటలో పుట్టిన దోమ నన్నొక్కణ్ణే కుట్టదు. గుంటను పూడ్చడం నా ఇంటి పనే గాని, దాని ఫలం వీధి అంతటిదీ. రౌటర్ తాళం కూడా అలాంటిదే. నా రెండవ అభిప్రాయం ఇది.

చిట్కాలు చెప్పేవాళ్ళు

ఆట సాఫీగా సాగాలంటే ఇలా చేయమని వీడియోల్లో చెప్పే చిట్కాలు మూడున్నాయి. మూడూ చెడ్డవే.

"పాస్‌వర్డ్ తీసేస్తే వేగం పెరుగుతుంది" అంటారు. నేటి రౌటర్లలో సంకేతాలు మార్చే పనికి ప్రత్యేకమైన భాగం ఉంటుంది. దాని వల్ల జరిగే ఆలస్యం ఆటలో తెలియదు. తాళం తీసేస్తే వచ్చి చేరే పక్కింటి ఫోన్ల వల్ల జరిగే ఆలస్యం మాత్రం బాగా తెలుస్తుంది.

"డీఎంజెడ్ పెట్టండి, పోర్టులన్నీ తెరవండి" అంటారు. రౌటర్ మీ ఇంటి వాచ్‌మన్ వంటిది. లోపలివాళ్ళు పిలిస్తే తప్ప బయటివాళ్ళను రానివ్వదు. డీఎంజెడ్ అంటే "ఈ గదికి ఎవరొచ్చినా అడగకుండా పంపు" అని వాచ్‌మన్‌కు చెప్పడం. ఏదైనా ఆటకు ఫలానా తలుపు కావాలని ఆ ఆట తయారీదారే చెబితే ఆ ఒక్కటీ తెరవండి. ఆట మానేశాక మూసేయండి.

"ఈ యాప్ దించుకుంటే లాగ్ పోతుంది, వజ్రాలు ఊరికే వస్తాయి" అంటారు. ఊరికే వచ్చేవాటి కోసం దారిన పోయేవాడికి ఇంటి తాళం చెవి ఇస్తామా? అదే వైఫైలో నాన్న బ్యాంకు పని చేస్తాడు, అమ్మ డబ్బు పంపుతుంది. ఒకవేళ ఇంట్లో డబ్బు పోయిందంటే సిగ్గుపడి దాచకండి. పెద్దలకు చెప్పి వెంటనే 1930కి ఫోను చేయించండి.

"స్నేహితుడు అడిగితే పాస్‌వర్డ్ ఇవ్వకుండా ఎలా?" అన్నది న్యాయమైన ప్రశ్నే. మనం ఇంటికొచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చే జాతి. మన పాత ఇళ్ళకు అరుగులుండేవి. వచ్చినవాళ్ళు అక్కడ కూర్చునేవారు, అందరూ పడకగదిలోకి వచ్చేవారు కాదు. రౌటర్లో అతిథుల నెట్‌వర్కు అనే ఏర్పాటు అరుగు వంటిది. దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టి స్నేహితులకు అదివ్వండి. మీ ఇంటి కెమెరానూ, టీవీనీ కూడా ఆ అరుగు మీదే కూర్చోబెట్టవచ్చు.

ఎవరి బాధ్యత?

"ఇదంతా పిల్లల పనా? కంపెనీల పని కాదా?" అని మీరడగవచ్చు. కంపెనీల పని కూడా. అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మకూడదని బ్రిటన్ చేసిన చట్టం 2024 ఏప్రిల్ 29 నుంచి అమలులో ఉంది. మన ప్రభుత్వం 2017లో సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని ప్రారంభించి, దండులో చిక్కిన పరికరాలను శుభ్రం చేసే ఉపకరణాలను ఉచితంగా ఇస్తోంది. ఇవన్నీ మంచివే. కాని చట్టం మీ ఇంటి అలమారలో ఉన్న పాత రౌటర్ పాస్‌వర్డును మార్చలేదు. ఆ పని ఇంట్లో ఎవరో చేయాలి. ఇంటిల్లిపాదిలో దాన్ని ఎక్కువగా వాడేది మీరు. అందులోని మీటలు ముందుగా నేర్చుకునేదీ మీరే. వాడుకునేవాడే కాపలా కాయాలన్నది న్యాయం కాదా?

ఈ ఆదివారం అమ్మానాన్నల అనుమతి తీసుకొని ఈ పనులు చేయండి. రౌటర్ లోపలికి పోయే అడ్మిన్ పాస్‌వర్డును మార్చండి. వైఫై పాస్‌వర్డు వేరు, ఇది వేరు; రెండూ మార్చాలి. తాళం రకం డబ్ల్యు.పి.ఎ.3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యు.పి.ఎ.2 ఎంచుకోండి. డబ్ల్యు.పి.ఎస్. ఆపండి. అప్‌డేట్ ఉంటే వేయండి. అరుగు నెట్‌వర్కు పెట్టండి. కొత్త పాస్‌వర్డులను కాగితం మీద రాసి అమ్మ బీరువాలో ఉంచండి. దొంగ గాలిలో వస్తాడు గాని, బీరువాలోకి రాడు.

ఒక హెచ్చరిక. ఈ ప్రయోగాలన్నీ మీ ఇంటి రౌటర్ మీదే. పక్కింటి తాళం ఎంత గట్టిదో చూద్దామనుకోవడం ప్రయోగం కాదు, నేరం. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్లోకి దురుద్దేశంతో చొరబడితే మూడేళ్ళ వరకు జైలు ఉంది. పక్కింటివాళ్ళ వైఫైకి తాళం లేదని మీకు తెలిస్తే తలుపు తట్టి చెప్పండి. వాళ్ళు ఒప్పుకుంటే పక్కన కూర్చుని పెట్టించండి.

పింగ్ పట్టికనూ, సిగ్నల్ పటాన్నీ నోటు పుస్తకంలో శుభ్రంగా రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి. తరగతిలో 40 మంది 40 ఇళ్ళు కొలిస్తే, ఏ రకం గోడకు ఎంత సిగ్నల్ పోతుందో మీ ఊరికి మీరే ఒక పట్టిక తయారు చేసుకోవచ్చు. ఆ పట్టిక ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. ఆ తరువాత హాయిగా ఆడుకోండి. ఓడిపోతే మాత్రం ఇక వైఫై మీద పెట్టడానికి వీలుండదు!